ఆరేళ్లుగా కూపన్లతో ఇంటి సరుకులు: నా అనుభవం

మేం బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటాం. ఇంట్లో ఐదుగురం. నెలకు సరుకులకు పదకొండు వేల దాకా అవుతుంది. ఆరేళ్లుగా కూపన్లు వాడుతున్నాను. ఇప్పుడు నెలకు ఏడెనిమిది వందలు కచ్చితంగా మిగులుతున్నాయి. మొదటి ఏడాది మాత్రం మిగలకపోగా చేతి డబ్బులే పోయాయి.

ఆ రోజుల బిల్లు ఒకటి ఇంకా దాచుకున్నాను. నాకు కావాల్సిన సరుకులు 740 రూపాయలవి. 999 దాటితే 150 తగ్గింపు అని యాప్‌లో కూపన్ కనిపించింది. బిస్కెట్లు, మయొనైజ్ సీసా, ఇంకో రెండు ప్యాకెట్లు కలిపితే 1,012 అయింది. 150 పోగా 862 కట్టాను. అంటే 122 రూపాయలు ఎక్కువే ఖర్చు పెట్టాను. మయొనైజ్ సగం సీసా అలాగే ఉండగానే తేదీ దాటిపోయింది. ఆ రోజు నుంచి ముందు చీటీ రాసి, ఆ తర్వాతే యాప్ తెరుస్తున్నాను. చీటీలో లేనిదానికి ఎంత పెద్ద కూపన్ వచ్చినా వాడను.

నిజంగా పనికొచ్చింది మాత్రం రేట్ల పుస్తకం. పిల్లల పాత నోట్‌బుక్కే. కందిపప్పు కిలో, వేరుశెనగ నూనె లీటరు, పేస్టు వంద గ్రాములు, ఇలా చివరిసారి ఎంతకు కొన్నానో రాసుకుంటాను. ఒకసారి బట్టల పౌడరు నాలుగు కిలోల ప్యాకెట్ కూపన్ పోగా 520కి వచ్చింది. కిలో 130 పడింది. మా వీధి కిరాణా కొట్టులో అదే పౌడరు కిలో ప్యాకెట్ 125. పుస్తకం లేకపోతే పెద్ద ప్యాకెట్టే చవక అనుకునేదాన్ని. 2025 సెప్టెంబరు 22న ఒంటి సబ్బులు, షాంపూ, పేస్టు, తలనూనె మీద జీఎస్‌టీ 18 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు ఆ వరుసలన్నీ కొట్టేసి మళ్లీ రాశాను. పాత రేటుతో పోల్చుకుంటే ఏ కూపనైనా గొప్పగానే కనిపిస్తుంది మరి.

కూపన్ కింద చిన్న అక్షరాలు చదవడం తప్పనిసరి. '20 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 100' అని ఉంటే, 500 బిల్లు వరకే ఆ 20 శాతం పూర్తిగా దక్కుతుంది. 1,200కి కొంటే 8 శాతం చిల్లరే. అందుకే అలాంటిదానికి ఐదొందల దగ్గరే బిల్లు ఆపేస్తాను. డెలివరీ, హ్యాండ్లింగ్ ఛార్జీలు కలిపి చివరికి కట్టే మొత్తమే లెక్క. నేను అడగని విరాళానికి ముందే టిక్ పెట్టి ఉండటం కూడా చూశాను. ఇలా బుట్టలో చెప్పకుండా చేర్చడాన్ని 2023 నవంబరులో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు నిషేధించాయి. అయినా టిక్ తీసేశాకే డబ్బు కడతాను.

నాకు బాగా కోపం వచ్చిన సంగతి ఒకటుంది. షాంపూ సీసా కారిపోయి వస్తే వెనక్కి పంపాను. బిల్లు కనీస మొత్తం కన్నా తగ్గిందంటూ కూపన్ తగ్గింపు కోసేసుకుని మిగతాదే వేశారు. పాడైన సరుకు పంపింది వాళ్లు, నష్టం నాకా? ఫొటోలు పెట్టి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాక పది రోజులకు మిగతా డబ్బు వచ్చింది. ఫొటో తీయకుండా ఉంటే వచ్చేది కాదేమో. అప్పటి నుంచి పెట్టె విప్పేటప్పుడే ఫోన్ చేతిలో పెట్టుకుంటున్నాను.

క్యాష్‌బ్యాక్ వచ్చిందని, తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టమని మెసేజ్‌లు వస్తుంటాయి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఇది తప్పకుండా చెప్పండి.

కూరగాయలకు కూపన్లు పూర్తిగా మానేశాను. ఇక్కడి రైతుల సహకార సంఘం నడిపే హాప్‌కామ్స్ దుకాణానికో, వీధి బండి దగ్గరికో వెళ్తాను. మా అత్తగారిది మదనపల్లె, టమాటా చేత్తో పట్టి చూడందే కొననివ్వరు. ఉద్దిపప్పు కూడా ఆఫర్ ఉంది కదా అని నాలుగైదు కిలోలు తెచ్చిపెట్టను. ఒక వానాకాలం పురుగు పట్టి సగం పారబోశాం.

రేపు ఒకటో తారీఖు. చీటీలో తొమ్మిది రకాలున్నాయి, ఫోన్‌లో మూడు కూపన్లున్నాయి. వాటిలో నూనె డబ్బాది ఒక్కటే వాడబోతున్నాను.