ఆగాకరా? పొట్లా?

పందిరి ఒక్కటే ఉంటే ఆగాకర (తెలంగాణలో బోడకాకర) పెట్టాలా, పొట్ల పెట్టాలా?

తొందరగా కాయ కావాలంటే పొట్లే. గింజ నాటిన రెండు నెలలకు కోతకొస్తుంది. పిందె వంకర తిరగకుండా కొసకు చిన్న రాయి కట్టాలి. ముదిరితే చేదెక్కుతుంది, లేతగానే కోసెయ్యాలి. పండు ఈగతో మాత్రం కాస్త టెన్షన్.

ఆగాకర తంతు వేరు. దీనిలో ఆడ తీగ, మగ తీగ విడివిడిగా ఉంటాయి. గింజ నాటితే ఏది మొలిచిందో పూత వచ్చేదాకా తెలియదు. పసుపు పువ్వు అడుగున చిన్న ముళ్ల బుడిపె కనిపిస్తే ఆడది, లేకపోతే మగది. అందుకే తెలిసినవాళ్ల దగ్గర దుంపలు అడిగి తెచ్చుకోవడం నయం. 8-10 ఆడ తీగలకు ఒక మగ తీగ చాలు. మిద్దె మీదైతే మగ పువ్వు కోసి ఆడ పువ్వుకు మనమే అద్దాలి, లేదంటే పిందెలు రాలిపోతాయి. చలికాలంలో తీగ ఎండిందని కుండీ ఖాళీ చెయ్యకండి. లోపల దుంప బతికే ఉంటుంది, తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. పొట్లకు ఏటా గింజ వెయ్యాల్సిందే.

బజార్లో పొట్ల చవగ్గానే దొరుకుతుంది, ఆగాకర ధర అడగాలంటేనే భయం. నా ఓటు ఆగాకరకే. దుంపలు దొరికితేనే సుమా!