జాగ్రత్త: ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో పాత వెండి కొనేవాళ్లు ముందు ధర స్టిక్కరు కింద చూడండి

శ్రావణమాసం వస్తోంది, వరలక్ష్మీ వ్రతానికి పాత వెండి సామాను చవగ్గా దొరుకుతుందేమో, ఎలాగూ పీచ్ పళ్లకి వెళ్తున్నాం కదా అని ఈ వారాంతం టెక్సాస్‌లోని ఫ్రెడరిక్స్‌బర్గ్ బయల్దేరేవాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. 370 డాలర్ల 22 సెంట్లు సమర్పించుకుని వచ్చి రాస్తున్నాను. కోపం ఇంకా దిగలేదు, అక్షర దోషాలుంటే సర్దుకోండి.

కొట్టు పేరు రాయను. మెయిన్ స్ట్రీట్ వైపు తిరిగేవాళ్లకి ఈ రకం కొట్లు తెలిసినవే. యాంటిక్ మాల్ అంటారు. లోపలంతా బూత్‌లు, ఒక్కో బూత్ ఒక్కో డీలరు అద్దెకి తీసుకున్నది. డీలరు అక్కడ ఉండడు. డబ్బు కట్టేది మాత్రం గుమ్మం దగ్గర ఒకే కౌంటర్‌లో.

కొన్నది ఒక పెద్ద పళ్లెం, 1,140 గ్రాములు. రెండు గిన్నెలు, ఒక్కోటి 186 గ్రాములు. మూడింటికీ కలిపి 380 డాలర్లు. ట్యాగు మీద చేత్తో రాసి ఉంది: "సాలిడ్ జర్మన్ సిల్వర్, 1800లు, ఇక్కడి ఎస్టేట్ నుంచి". ఎస్టేట్ అంటే పోయినవాళ్లు వదిలివెళ్లిన ఇంటి సామాను. క్యాషయితే పది శాతం తగ్గింపు, అంటే 342. దాని మీద 8.25 శాతం ట్యాక్స్.

ఇక నవ్వుకోండి. జర్మన్ సిల్వర్ అంటే ఏమిటో మన ఇళ్లలో ఎవరికి తెలియదు? గృహప్రవేశాల్లో రిటర్న్ గిఫ్టుగా ఇచ్చే కుంకుమ భరిణెలు, బేగం బజార్‌లో డజన్ల లెక్కన దొరికే పూజ పళ్లేలు. అందులో వెండి అనేది గుండుసూది మొనంత కూడా ఉండదు. రాగి అరవై పాళ్లు, మిగతాది జింకు, నికెల్. హైదరాబాద్‌లో ఆ మాట చెవిన పడగానే "ఓహో, వెండి కాదన్నమాట" అనుకునే బుర్రే టెక్సాస్‌లో అదే మాట చదివి "ఆహా, జర్మనీ వాళ్ల వెండి" అనుకుంది. ఏం చేస్తాం, ఊరు అలాంటిది. 1846 మే 8న 120 మంది జర్మన్ వలసదారులు వచ్చి వేసిన ఊరు, ప్రష్యా రాకుమారుడి పేరు పెట్టుకున్న ఊరు. బోర్డులు జర్మన్‌లో, బేకరీలు జర్మన్‌వి, చౌకులో ఎనిమిది పలకల పాత చర్చి నమూనా. ఆ వాతావరణంలో "జర్మన్" అన్న మాటకి అర్థమే మారిపోతుంది. ఆ డీలరు పెట్టుబడంతా అదే.

కౌంటర్‌లో అడగకుండా కొన్నానని అనుకోకండి. "ఇది వెండేనా? పూజకి కావాలి" అని స్పష్టంగానే అడిగాను. కౌంటర్ మీదున్న పెద్దావిడ పళ్లెం అంచు మీద చెయ్యి నిమిరి, "ఇక్కడి పాత కుటుంబాలు ఓడల్లో తెచ్చుకున్నవి హనీ, వాళ్లు చిల్లర సామాను తెచ్చుకోలేదు" అంది. అది జవాబు కాదు. అప్పుడు జవాబులా వినిపించింది. అయినా సముద్ర తీరం నుంచి ఎద్దు బండ్ల మీద కొండల్లోకి వచ్చిన వలసదారులు కిలో బరువు పళ్లెం మోసుకొచ్చారంటే నమ్మడానికి నాకు బుద్ధి ఉండాలి.

ఇంటికొచ్చాక పళ్లెం అడుగున ఉన్న ధర స్టిక్కరు ఊడగొట్టడానికి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాను. అడుగంతా ఖాళీగా ఉంటే, స్టిక్కరు మాత్రం అంచుకి ఓ మూలగా, కొంచెం వంకరగా అంటించి ఉంది. జిగురు మెత్తబడ్డాక గోటితో గీకుతుంటే కింద గుంటలు తగిలాయి. ముందు ఒక "ఏ". తర్వాత "ఎల్". మొత్తం ఊడేసరికి ఏడక్షరాలు: ఆల్‌పాకా. జర్మనీలో ఈ లోహానికి ఉన్న వ్యాపార పేర్లలో అదొకటి. అంటే ఇది వెండి కాదని తయారుచేసినవాడే నిజాయితీగా ముద్ర కొట్టాడు. అంత వెడల్పున్న అడుగులో, ఆ ఏడక్షరాల మీదే కొలిచినట్టు స్టిక్కరు పడింది. యాదృచ్ఛికమేనట.

మర్నాడు పళ్లెం పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆ ఊరి మెయిన్ స్ట్రీట్‌కి ఓ ముచ్చట ఉంది, తెలిసే ఉంటుంది. చౌకు నుంచి తూర్పుకి వెళ్తే అడ్డ వీధుల పేర్ల మొదటి అక్షరాలు కలిపి "ఆల్ వెల్‌కమ్" అవుతుంది, పడమరకి వెళ్తే "కమ్ బ్యాక్" అవుతుంది. కమ్ బ్యాక్ అన్నారు కదా, వచ్చాను. అదే పెద్దావిడ. స్టిక్కరు ఊడిన చోటు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఒక్క క్షణం కూడా తడబడలేదు. "ట్యాగు మీద జర్మన్ సిల్వర్ అని ఉంది. మీకిచ్చింది జర్మన్ సిల్వరే. తప్పేముంది?" అంది. వెండేనా అని అడిగాను కదా అంటే, "నేను ఎవరు తెచ్చుకున్నారో చెప్పాను, వెండి అని అనలేదు" అంది. నిజమే. అనలేదు. తర్వాత కౌంటర్‌కి అతికించిన "ఆల్ సేల్స్ ఫైనల్" కాగితం మీద వేలు పెట్టి, చిన్నపిల్లలకి ఒక్కో మాటా విడమరిచి చదివినట్టు పైకి చదివింది. నా వెనక లైన్లో నలుగురున్నారు. ఆ చదివిన తీరు ఉంది చూడండి, 370 డాలర్లు ఒకెత్తు, అది ఒకెత్తు.

ట్యాగు చూపించమన్నాను. ఇక్కడే రెండో దెబ్బ. డబ్బు కట్టగానే ట్యాగు వాళ్లు తీసేసుకుంటారు, డీలరు లెక్కలో వెయ్యడానికి. అది అన్ని యాంటిక్ మాల్స్‌లో మామూలే. చేతికొచ్చిన రసీదులో ఏముంది? డీలరు నంబరు, "పళ్లెం, గిన్నెలు", ధర. వెండి లేదు, 1800లు లేదు, ఎస్టేట్ లేదు. కార్డు మీద కొనుంటే బ్యాంకుకి చెప్పి "చెప్పిన సరుకు ఇది కాదు" అని డబ్బు ఆపించే దారి ఒకటుండేది. 38 డాలర్ల తగ్గింపు కోసం క్యాషిచ్చి ఆ దారి నా చేత్తో నేనే మూసుకున్నాను.

అసలు మోసం ఎంత శుభ్రంగా ఉందో చూడండి. "సాలిడ్" నిజం, ఎందుకంటే పూత కాదు, లోపలా బయటా అదే లోహం. "జర్మన్ సిల్వర్" నిజం, ఆ మిశ్రమ లోహం పేరే అది. అమెరికాలో "స్టెర్లింగ్" అని ముద్ర కొట్టాలంటే వెయ్యికి 925 పాళ్లు వెండి ఉండాలని 1906 నుంచీ చట్టం ఉంది. అందుకే ట్యాగు మీద ఎక్కడా స్టెర్లింగ్ అనే మాట లేదు, 925 అనే అంకె లేదు. రాసినవాడికి చట్టం బాగా తెలుసు.

అసలు ధర చూసే నాకు తెలియాల్సింది. మూడూ కలిపి 1,512 గ్రాములు. స్టెర్లింగ్ అయితే 0.925తో గుణించి 31.1తో భాగిస్తే సుమారు 45 ట్రాయ్ ఔన్సుల వెండి. ఔన్సు 30 డాలర్లే వేసుకున్నా 1,350 డాలర్లు. అంత వెండి 380కి ఎవడిస్తాడు, వాడేమైనా నా మేనమామా? ఈ లెక్క ఫోన్‌లో అరనిమిషం పని. ఒకటే గుర్తుపెట్టుకోండి, వెండి తూచేది ట్రాయ్ ఔన్సుతో, అంటే 31.1 గ్రాములు. వంటింటి ఔన్సు 28.35.

చేతులు కాలాక పట్టుకున్న ఆకులు ఇవి, మీకైనా పనికొస్తాయి.

అయస్కాంతం పరీక్షని నమ్మకండి. వెండి అంటుకోదు, నిజమే. రాగి, జింకు, నికెల్ కలిపిన ఈ లోహమూ అంటుకోదు. అంటుకుంటే ఇనుము ఉందని తేలుతుంది, అంటుకోకపోతే ఏమీ తేలదు. నల్లబడటమూ రుజువు కాదు, వెండి పూత వేసినవీ అంతే నల్లబడతాయి.

వేడి పరీక్ష కొంత నయం. చెంచా లాంటిదైతే వేడి కాఫీలో ముంచి పైకొసని పట్టుకోండి. వెండిదైతే కొద్ది క్షణాల్లోనే వేళ్లకి వేడి తెలుస్తుంది. జర్మన్ సిల్వర్ చాలాసేపు చల్లగానే ఉంటుంది. కానీ రాగి మీద వెండి పూత వేసింది కూడా త్వరగా వేడెక్కుతుంది, అక్కడ బోల్తా పడకండి.

ఇంట్లో చేయగలిగిన గట్టి పరీక్ష సాంద్రత. కిచెన్ స్కేలు మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి. వస్తువుని దారానికి కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి, అడుక్కీ పక్కలకీ తగలకూడదు, బుడగలు అంటుకోకూడదు. అప్పుడు స్కేలు చూపించే గ్రాములే దాని ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. బరువుని దాంతో భాగించండి. స్టెర్లింగ్ అయితే 10.3 దగ్గర రావాలి. నా గిన్నె 186 గ్రాములు, స్కేలు 21.6 చూపించింది, అంటే 8.6. వెండైతే 18 చూపించేది. మూడున్నర గ్రాముల తేడాలో నా వ్రతం మునిగింది. స్కేలుకి దశాంశం లేకపోతే ఈ పని చేయకండి. లోపల బోలుగా ఉన్నవాటికీ, సిమెంటో లక్కో నింపిన కొవ్వొత్తి స్టాండ్లకీ ఇది పనికిరాదు. ఆ స్టాండ్ల అడుగున "వెయిటెడ్" అని ఉంటే ముద్ర స్టెర్లింగే అయినా వెండి పైన పల్చటి రేకు మాత్రమే, బరువు చూసి మోసపోకండి.

పాత బంగారం, వెండి కొనే కొట్లలో లోహం చదివే ఎక్స్‌రే గన్ ఉంటుంది, క్షణాల్లో చెప్పేస్తుంది. నా పళ్లేనికి రాగి 61, జింకు 20, నికెల్ 18 వచ్చింది, వెండి సున్నా. అది కూడా పైపొరనే చదువుతుంది, మందంగా పూత ఉంటే పూతనే వెండి అంటుంది. గీటురాయి మీద లోతుగా గీసి చూసే మన కంసాలి పద్ధతే ఆ విషయంలో మేలు.

ముద్రల సంగతి. నిజమైన జర్మనీ వెండికి 1888 నుంచి నెలవంక, కిరీటం, పక్కన 800 గానీ 835, 925 గానీ ఉంటాయి. ఒట్టి "90" అని ఉంటే 900 అనుకోకండి. డజను చెంచాలు, డజను ఫోర్కులకి కలిపి 90 గ్రాముల వెండి పూత వేశామని దానర్థం. "ఈపీఎన్ఎస్", "క్వాడ్రపుల్ ప్లేట్", "నికెల్ సిల్వర్", "నాయ్‌జిల్బర్", "అర్జెంటాన్", ఇవేవీ వెండి కాదు. టెక్సాస్‌లో "ఆల్‌పాకా, మెక్సికో" అని గాజులు, చెవిపోగుల మీద కూడా కనిపిస్తుంది, అదీ ఇదే లోహం, నికెల్ పడనివాళ్లకి దద్దుర్లు. "1847 రోజర్స్ బ్రదర్స్" అని ఉంటే 1847 నాటిదని మురిసిపోకండి, ఆ సంవత్సరం బ్రాండు పేరులో భాగం, సరుకు వెండి పూతది. ముద్రే లేకపోతే? డీలరు ఏం చెప్పినా వెండి కాదనుకునే బేరమాడండి.

ఇంకో సంగతి, ఇప్పటికే ఇలాంటివి ఇంట్లో ఉన్నవాళ్లకి. పూత లేని జర్మన్ సిల్వర్ గిన్నెలో పంచామృతం, పెరుగు, పులిహోర పెట్టకండి. పులుపుకి రాగి దిగుతుంది. పూలకీ పసుపు కుంకాలకీ వాడుకోండి, దానికేం ఇబ్బంది లేదు.

మూడు రోజుల్లో ఏదైనా వెనక్కిచ్చే చట్టం ఉందని మన గ్రూపుల్లో తిరుగుతుంటుంది. అది ఇంటికొచ్చి అమ్మేవాళ్లకీ, అలాంటి తాత్కాలిక అమ్మకాలకీ. కొట్టుకెళ్లి మనమే కొన్నదానికి లేదు. తప్పుడు మాట చెప్పి అమ్మితే టెక్సాస్‌లో వినియోగదారుల చట్టం ఉంది, ముందు రాతపూర్వకంగా 60 రోజుల నోటీసివ్వాలి, తర్వాత జస్టిస్ కోర్టు (చిన్న దావాలు వినే కోర్టు), 20,000 డాలర్ల దాకా అక్కడే. కానీ తప్పుడు మాట ఉన్నట్టు కాగితం కావాలి కదా. నా దగ్గర ఉన్నది ఊడిన స్టిక్కరు.

కాబట్టి కొంటే కార్డు మీదే కొనండి. కౌంటర్‌కి తీసుకెళ్లేముందే ట్యాగుకి రెండు వైపులా, వస్తువు అడుక్కీ ఫోటో తీయండి. ఏ స్టిక్కరు ఉన్నా ఎత్తి చూపించమనండి, ఎత్తకపోతే కింద పెట్టేసి వచ్చేయండి. రసీదు మీద "స్టెర్లింగ్, 925" అని రాసివ్వమనండి. రాయడానికి వాళ్ల పెన్ను ఆగిందంటే మీకు జవాబొచ్చినట్టే. సాయంత్రం కొట్లు మూసే వేళ, ఆ ఆఖరి అరగంటలో మాత్రం ఏదీ కొనకండి, నేను కొన్నది అప్పుడే.

డీలరుకి కౌంటర్ ద్వారా కబురు పెట్టించాను, రెండు రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. ఫోనొస్తే ఇక్కడే కింద రాస్తాను. ప్రస్తుతానికి ఆ 1800ల నాటి పళ్లెంలో వంటింట్లో ఉల్లిపాయలున్నాయి.