మొండికేసే పోనీకి స్వారీ ప్రదర్శన శిక్షణ: విజయవాడ శివార్లలోని ఒక గుర్రపుశాలపై సమీక్ష

మా అమ్మాయి స్వారీ చేసే నాలుగేళ్ల ఆడ పోనీని (పొట్టి గుర్రాన్ని), హైదరాబాదులో పిల్లల కోసం జరిగే ఒక స్వారీ ప్రదర్శనకు సిద్ధం చేయించడానికి, విజయవాడ శివార్లలో అవనిగడ్డ వైపు సాగే కరకట్ట దారికి దగ్గరలో ఉన్న ఒక శిక్షణశాలలో కొన్ని నెలలు ఉంచాము. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను అద్దెకిచ్చేవారు మన ప్రాంతంలో సులువుగానే దొరుకుతారు గానీ, పిల్లల ప్రదర్శనలకు తగిన స్వారీ శిక్షణ ఇచ్చే చోటు వెతుక్కోవలసి వస్తుంది కాబట్టి, అలాంటి అవసరం ఉన్నవారి కోసం కాస్త వివరంగానే రాస్తున్నాను. లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున శిక్షణశాల పేరు ప్రస్తావించడం లేదు. వీరికి జంతువు మనసు బాగా తెలుసు. గేటు బయట ఉండే వ్యవహారమే తెలియదు.

మా పోనీది మార్వాడీ రక్తం కలిసిన నాటు జాతి. చెవుల కొనలు లోపలికి వంగి ఉంటాయి. ఎత్తు 13 హ్యాండ్లు, అంటే సుమారు 132 సెంటీమీటర్లు. కరవడం, తన్నడం లాంటి దుర్గుణాలు లేవు. అయితే తోటి గుర్రాల నుంచి వేరుచేసి తీసుకువెళ్లబోతే ఉన్నచోటనే బిగుసుకుని నిలబడిపోయేది, మడమలతో అదిలిస్తే వెనక్కి నడిచేది. చర్నాకోలతో నాలుగు తగిలిస్తే దారికొస్తుందని బంధువుల్లో ఒకరిద్దరు సలహా ఇచ్చారు. శిక్షణశాల పెద్దాయన మాత్రం మొదటి రోజున దాని మీద ఎవరినీ ఎక్కనివ్వలేదు. "నోట్లో నొప్పి ఉన్నదానికి క్రమశిక్షణ ఏం నేర్పుతామండీ? ముందు పళ్లు చూపించండి," అన్నారు.

ఆయన అలా అనడానికి కారణం ఉంది. గుర్రానికి ముందరి పాలపళ్లు రాలి శాశ్వత దంతాలు రావడం సుమారు రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్ల వయసుల్లో జతలు జతలుగా జరుగుతుంది. ఐదేళ్లకు గానీ నోరు నిండదు. దీనికి తోడు కొన్నింటికి మొదటి దవడ పన్నుకు ముందు చిన్న అదనపు పన్ను ఒకటి మొలిచి, కళ్లెం ఇనుము తగిలినప్పుడల్లా బాధపెడుతుంది. పశువైద్యుడు వచ్చి చూస్తే మా పోనీకి సరిగ్గా అలాంటి పన్నే కనిపించింది. దాన్ని తీయించి, పుండు మానేవరకు కళ్లెం లేకుండా, ముక్కుపట్టీతోనే పని చేయించారు. జీను సంగతి కూడా అలాగే తేలింది. స్వారీ తరువాత జీను తీసి చూస్తే వీపంతా చెమటతో తడిసి, భుజం వెనుక రెండు చోట్ల మాత్రం పొడిగా ఉండేది. అలా పొడిగా మిగిలిన చోట ఒత్తిడి అధికంగా పడుతోందని అర్థమట. జీను మార్చిన తరువాత పొట్ట కింద జీను పటకా బిగించేటప్పుడు చెవులు వెనక్కి పెట్టడం చాలావరకు తగ్గింది. ఈ రెండు పనులకే మేమిచ్చిన డబ్బు గిట్టుబాటయిందని నా అభిప్రాయం.

మోసే బరువు విషయంలోనూ వీరు గట్టిగానే ఉంటారు. జీనుతో కలిపి మోసే బరువు గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదనేది స్వారీ చేసేవారిలో సాధారణంగా వినిపించే లెక్క. మా పోనీ సుమారు 260 కిలోలు ఉంటుంది కాబట్టి 52 కిలోలు దాటకూడదు. ఆ హద్దుకు లోబడే సన్నపాటి యువ శిక్షకురాలు ఒకరు అక్కడ ఉండటం మా అదృష్టం.

అసలు శిక్షణలో నాకు అన్నిటికంటే నచ్చినది శబ్దాలకు అలవాటు చేసిన పద్ధతి. ప్రదర్శన మైదానంలో మైకులు, చప్పట్లు, జెండాలు, గొడుగులు తప్పవు. విజయవాడలో పెళ్లిళ్ల కాలంలో బ్యాండు మేళానికి కరువేముంది? అదే దారిలో ఉన్న కల్యాణమండపంలో మేళం మోగే సాయంత్రాల్లో పోనీని బయటకు నడిపించి, చెవులు అటు తిప్పినా గడ్డి నమలడం ఆపనంత దూరంలో నిలబెట్టేవారు. నమలడం ఆగిందంటే దగ్గరకు వచ్చేశామని గ్రహించి, మారు మాట లేకుండా కొన్ని అడుగులు వెనక్కి తీసుకువెళ్లేవారు. మరుసటి సాయంత్రం మళ్లీ అక్కడి నుంచే మొదలు. చూసేవారికి విసుగు పుట్టించే పని అది. మా అమ్మాయి అయితే ఇదేం శిక్షణ అని రెండు మూడుసార్లు అడిగింది కూడా. కానీ సీజను ముగిసేసరికి అదే పోనీ ప్రహరీ అవతల డప్పులు మోగుతుండగా మేత తినడం నేను కళ్లారా చూశాను.

తోటివాటిని వదిలి కదలకపోవడానికి చేసిన చికిత్స కూడా ఇదే ధోరణిలో సాగింది. మొదట ఎవరూ ఎక్కకుండా, రెండు పొడవాటి పగ్గాలు పట్టుకుని వెనుక నడుస్తూ, కట్ట మీద ఒంటరిగా ముందుకు నడవడం నేర్పారు. స్వారీ ప్రదర్శనల్లో గుర్రాలన్నీ కలిసి నడక, ట్రాట్ (చిన్న పరుగు), క్యాంటర్ (నెమ్మదైన దౌడు) చూపించాక వరుసగా నిలబడటం, ఆపై ఒక్కొక్కటే వరుస నుంచి బయటకు వచ్చి విడిగా చేసి చూపించడం మామూలు. మా పోనీకి గండం సరిగ్గా అక్కడే ఉంది. అందుకని రెండు గుర్రాలను పక్కన నిలబెట్టి, దీన్ని నాలుగు అడుగులు బయటకు నడిపించి, మొండికేసే ఆలోచన దానికి రాకముందే వెనక్కి తెచ్చేవారు. తరువాత పది అడుగులు, ఆ తరువాత ఒక చిన్న చుట్టు. ఎండాకాలంలో ఈ పనంతా సూర్యుడు పైకి రాకముందే ముగించడం, ఉక్కపోత మరీ ఎక్కువగా ఉన్న రోజున సాధన రద్దు చేయడం కూడా మెచ్చుకోదగినవే.

ఇక లోపాలు. రాష్ట్రం దాటి పోటీకి వెళ్లే గుర్రానికి గ్లాండర్స్ వ్యాధి లేదన్న పరీక్షా పత్రం నిర్వాహకులు అడుగుతారన్న సంగతి మాకు గడువు దగ్గరపడే వరకు ఎవరూ చెప్పలేదు. ఇది మనుషులకూ సోకే బ్యాక్టీరియా వ్యాధి, టీకా లేదు, వ్యాధి నిర్ధారణ అయితే ఆ జంతువును చంపవలసిందేనని నిబంధనలున్నాయి. గుర్రాలపై జాతీయ పరిశోధన కేంద్రం హిసార్‌లో 1985 నుంచి పనిచేస్తున్నా, నమూనా తీయించి నివేదిక చేతికి తెచ్చుకోవడానికి సమయం పడుతుంది. పశుసంవర్ధక శాఖ కార్యాలయానికి మేమే తిరిగి, చివరి నిమిషంలో పని పూర్తి చేసుకున్నాము. అంతకంటే నన్ను ఆశ్చర్యపరిచినది వాహనం సంగతి. బ్యాండు మేళానికి అంత ఓపికగా అలవాటు చేసినవారు, నిలిపి ఉన్న వ్యాన్‌లోకి రోజూ ఎక్కించి కాస్త దాణా పెట్టే సాధన చేయించాలని తలచనే లేదు. ప్రయాణం నాటి తెల్లవారుజామున పోనీ ఆ చెక్క వాలు ముందు నిలబడి, తన పాత మొండితనమంతా మరొకసారి మాకు చూపించింది. గడువు గురించి ఫోన్ చేసి అడిగితే "చూద్దామండీ" అన్నదే వీరి దగ్గర దొరికే జవాబు.

మైదానంలో మాత్రం శిక్షణ ఫలితం స్పష్టంగా కనిపించింది. వరుస నుంచి బయటకు రావడానికి క్షణకాలం తటపటాయించినా, మా అమ్మాయి తొందరపెట్టకుండా కూర్చోవడంతో కదిలింది. కుడివైపు తిరిగే క్యాంటర్‌లో కుడి ముందుకాలికి బదులు ఎడమకాలు ముందుంచి తప్పుగా ఎత్తుకుంది. బహుమతి రాలేదు, దాని గురించి మాకు విచారం లేదు.

నెల రుసుములో మేత, కాపరి జీతం కలిసే ఉంటాయి. పశువైద్యుడి ఖర్చు, గిట్టలు చెక్కించడం, లాడాలు అదనం. గిట్టలు చెక్కే మనిషి బయటి ఊరి నుంచి రావాలి కాబట్టి ఆ తేదీలు ముందే అడిగి పెట్టుకోవడం మంచిది. త్వరగా ప్రదర్శనలో దిగాలనుకునేవారికి ఈ చోటు నప్పదు. భయపడే, నొప్పితో ఉన్న, లేదా గతంలో ఎవరో పాడుచేసిన చిన్న గుర్రం ఉన్నవారు నిస్సంకోచంగా పంపవచ్చు. మేము వచ్చే చలికాలంలో మళ్లీ అక్కడే ఉంచాలనుకుంటున్నాము గానీ, వాహనం ఎక్కించే సాధనను, పరీక్షా పత్రాల గడువులను ఒప్పంద కాగితంలో రాయించుకున్న తరువాతే ఈసారి బయానా ఇస్తాము.