రికమండేషన్ లెటర్లు ముందే అడగాలా, షార్ట్‌లిస్ట్ అయ్యాకా?

పీహెచ్‌డీ అప్లికేషన్లకి చాలాచోట్ల మొదట్లోనే రెండు మూడు లెటర్లు అడుగుతారు, ఇంకో పద్ధతి ఏంటంటే ముందు మార్కులు, ఎందుకు చేయాలనుకుంటున్నారో రాసిన స్టేట్‌మెంట్, చేసిన పని చూసి షార్ట్‌లిస్ట్ అయినవాళ్ళకి మాత్రమే అడగడం. నాకైతే రెండోదే న్యాయం.

ముందే అడిగితే ఏమవుతుందంటే, చిన్న ల్యాబ్‌లో రోజూ ప్రొఫెసర్ పక్కనే పనిచేసిన స్టూడెంట్‌కి ఏ ప్రయోగం ఎక్కడ ఫెయిలయింది, దాన్ని ఎలా సరిచేశాడు అని రెండు పేజీలొస్తాయి, రెండొందల మంది క్లాసులో చివరి బెంచీ అమ్మాయికేమో "రెగ్యులర్‌గా వచ్చేది, మంచి గ్రేడ్ తెచ్చుకుంది" అని నాలుగు లైన్లు, ఇందులో ఆమె తప్పేముంది చెప్పండి. పైగా 2003లో ట్రిక్స్, సెంకా అనే పరిశోధకులు మెడికల్ ఫ్యాకల్టీ పోస్టుల కోసం రాసిన 300కి పైగా లెటర్లు పరిశీలిస్తే ఆడవాళ్ళ గురించి రాసినవి సగటున పొట్టిగా ఉన్నాయి, అనుమానం కలిగించే మాటలూ వాటిలోనే ఎక్కువ.

తర్వాత అడిగినా ఈ పక్షపాతం పోదు, కానీ లెటర్ రాలేదని ఫైల్ మొదట్లోనే పక్కకి పోదు, ప్రొఫెసర్లకి రాయాల్సినవి తగ్గుతాయి కాబట్టి కాస్త శ్రద్ధగానూ రాస్తారు. టైం తక్కువిస్తారు, అదొక్కటే ఇబ్బంది. అయినా డెడ్‌లైన్ రాత్రి పోర్టల్‌లో "ఇంకా అందలేదు" అని చూస్తూ, సార్‌కి మూడో రిమైండర్ పెట్టాలా వద్దా అని నలిగిపోవడం కన్నా అదే నయం.