బగ్‌జిల్లా: రిజాల్వ్‌డ్‌కూ వెరిఫైడ్‌కూ మధ్య దూరం

1998లో మొజిల్లా ప్రాజెక్టు కోసం టెర్రీ వైస్‌మన్ మొదట టీసీఎల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి, ఆపై పెర్ల్ అనే మరో భాషలోకి మార్చిన బగ్‌జిల్లా, అంటే సాఫ్ట్‌వేర్ దోషాలను (బగ్‌లను) నమోదు చేసి వాటి స్థితిని గమనించే సాధనం, ఈనాటి సాధనాల పక్కన పాత దస్త్రంలా కనిపిస్తుంది. అయినా టెస్టింగ్ బృందాన్ని నడిపేవారికి ఇందులో ఒక విభజన ఎంతో విలువైనది. డెవలపర్ కోడ్ సరిచేసి ఫిక్స్‌డ్ అని గుర్తు పెడితే ఆ బగ్ రిజాల్వ్‌డ్ స్థితికి మాత్రమే చేరుతుంది. టెస్టర్ కొత్త బిల్డ్‌లో (సరిచేసిన కోడ్‌తో తయారైన ప్రోగ్రాంలో) మళ్లీ పరీక్షించి, దోషం పోయిందని నిర్ధారించుకున్నాకే దాన్ని వెరిఫైడ్‌గా మార్చాలి.

నేను పనిచేసిన ఒక బృందంలో ఈ రెండో మెట్టును ఎవరూ పట్టించుకోలేదు. రిజాల్వ్‌డ్ సంఖ్య పెరగడాన్నే నాణ్యతగా లెక్కగట్టి విడుదల చేశాం. వాడుకరుల నుంచి తిరిగొచ్చిన బగ్‌లలో చాలావరకు మేము మళ్లీ పరీక్షించనివే. తప్పు పూర్తిగా మాదే. రిజాల్వ్‌డ్ అయి ఇంకా వెరిఫైడ్ కాని బగ్‌ల కోసం ఒక సెర్చ్‌ను సేవ్ చేసుకుని, ఆ జాబితాను రోజూ ఉదయం చూడటం మొదలుపెట్టాకే పని దారికొచ్చింది. అటువంటి జాబితాను నిర్ణీత వేళకు మెయిల్‌లో పంపే ఏర్పాటుకు బగ్‌జిల్లా రూపకర్తలు పెట్టిన పేరు వైనింగ్, అంటే సణుగుడు. ఇంత నిజాయితీ గల పేరు మరే సాధనంలోనూ నాకు ఎదురుకాలేదు.

సివియారిటీ (తీవ్రత), ప్రయారిటీ (తొందర) వేర్వేరు గడులుగా ఉండటం కూడా మెచ్చదగినదే. మొదటి పేజీలో సంస్థ పేరు తప్పుగా పడితే తీవ్రత స్వల్పం, తొందర ఎక్కువ. ఎవరూ తెరవని పాత నివేదిక దగ్గర ప్రోగ్రాం కుప్పకూలితే తీవ్రత ఎక్కువైనా అది కొన్నాళ్లు ఆగగలదు. సివియారిటీని టెస్టర్, ప్రయారిటీని ప్రాజెక్టు బాధ్యుడు నిర్ణయిస్తే సగం వాదనలు పుట్టవు. వర్క్స్‌ఫర్‌మీ, అంటే ‘నా దగ్గర బాగానే పనిచేస్తోంది’, అని తిరిగొచ్చిన బగ్‌ను మాత్రం టెస్టర్ అవమానంగా తీసుకోకుండా, నివేదికలో బిల్డ్ సంఖ్యో, వాడిన డేటానో రాయడం మరిచామేమో చూసుకోవాలి.

కొత్త బగ్ రాస్తుండగానే పోలికలున్న పాతవాటిని చూపే సదుపాయం 2011 నాటి 4.0 వెర్షన్‌తో వచ్చింది, బాగా ఉపయోగపడుతుంది.

టెస్ట్ కేసులను, అంటే ఏమేం ఎలా పరీక్షించాలో రాసుకున్న వివరాలను, దాచుకునే చోటు ఇందులో లేదు కనుక వాటికి వేరే సాధనం కావలసిందే. అంతకంటే పెద్ద పరిమితి ఏమిటంటే, బగ్‌లను మార్చే అనుమతి ఉన్న డెవలపర్ తాను సరిచేసినదాన్ని తానే వెరిఫైడ్ అని మార్చుకోవచ్చు. అయితే ఎవరు, ఎప్పుడు మార్చారో ఆ బగ్ మార్పులను చూపే హిస్టరీ పేజీలో పేరుతో సహా నిలిచి ఉంటుంది. విడుదలకు ముందు సమీక్షలో నేను మొదట తెరిచేది ఆ పేజీనే.