డిస్కవర్ పాస్: రెండేళ్లు వాడాక నా మాట

కారు లోపలి అద్దానికి తగిలించుకునే ఒక కాగితం గురించి ఇంత రాయాలా అంటే, రాయాలి. సియాటిల్ పక్కన రెడ్‌మండ్, సమామిష్ వైపు కొత్తగా దిగిన మనవాళ్లు నెలకొకరైనా "పార్కులకి ఏ పాస్ తీసుకోవాలి అన్నా?" అని అడుగుతుంటారు. డిస్కవర్ పాస్ తీసుకోండి అని చెప్పి ఊరుకుంటా. నేనెందుకు కొన్నానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ముందు వస్తువు సంగతి. వాషింగ్టన్ రాష్ట్రం 2011లో పెట్టిన పాస్ ఇది. స్టేట్ పార్కుల్లో, రాష్ట్ర అటవీ భూముల్లో, చేపలూ వన్యప్రాణుల శాఖ భూముల్లో కారు ఆపుకోవడానికి పనికొస్తుంది. నేను మొదటిసారి కొన్నప్పుడు ఏడాదికి 30 డాలర్లు, షాపులో కొంటే ఫీజు కలిపి 35. 2025 అక్టోబర్ 1 నుంచి 45 చేశారు. ఒక్కరోజు పాస్ 10. కాగితం మీద రెండు కారు నంబర్లు రాసుకోవచ్చు, అయితే ఒకసారికి ఒక కారుకే. తగిలించడం మర్చిపోతే 99 డాలర్ల జరిమానా. నాకు ఒకసారి పడింది. పాస్ సీటు కింద పడి ఉంది, నేను చూసుకోలేదు. ఆ కాగితం జారిపోతూనే ఉంటుంది. బట్టలు ఆరేసే క్లిప్పు పెట్టాక నిలబడింది.

ఇక అసలు కథ. 2021లో ఇంట్లో కూర్చుని పనిచేసే రోజుల్లో ఏకాగ్రత కుదరడం లేదని ఒక ఆన్‌లైన్ క్లినిక్‌లో చూపించుకున్నా. పేరు అనవసరం. అరగంట వీడియో కాల్, చేతికి ఆడెరాల్ చీటీ. ఏకాగ్రత కోసం ఇచ్చే ఉత్తేజక మందు, అలవాటైపోయే రకం. మొదటి నెల దేవుడు కనిపించాడు. జీరా టికెట్లు, అంటే ఆఫీసు పనుల చిట్టా, మంచులా కరిగిపోయేవి. తర్వాత మోతాదు పెరిగింది, మధ్యాహ్నానికి ఇంకో చిన్న మాత్ర చేరింది. నెల మందు 22వ తారీఖుకే అయిపోయేది. మిగతా ఎనిమిది రోజులు ఎవర్ని అడగాలా, డాక్టర్‌కి ఏం అబద్ధం చెప్పాలా అన్నదే పని. 2022 అక్టోబర్‌లో ఎఫ్‌డీఏ (ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ) ఆడెరాల్ కొరత ప్రకటించినప్పుడు ఒక శనివారమంతా కూర్చుని పదకొండు ఫార్మసీలకి ఫోన్ చేశా. ఆ సాయంత్రం పాపది పుట్టినరోజు. కేక్ కోసేటప్పుడు నేను కారులో, ఫోన్ హోల్డ్‌లో పాట వింటూ.

చెప్పిన మోతాదులో, నిజంగా అవసరమై వాడేవాళ్లకి ఇది మంచి మందే. నా ఫ్రెండ్ కొడుకు దానితోనే బడిలో కుదురుకున్నాడు. ఈ రాతంతా నా వాడకం గురించి.

ఇంకో ఏడాది అలాగే లాగి, చివరికి ఇంట్లో బయటపడి, వేరే డాక్టర్ దగ్గర నిజం ఒప్పుకున్నా. ఆయన మోతాదు మెల్లగా దించుకుంటూ వచ్చారు. 2023 అక్టోబర్ చివర్లో ఆఖరి మాత్ర. ఈ అలవాటు మాన్పడానికంటూ ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు ఏదీ లేదు, ప్రతి గురువారం కౌన్సెలింగే దిక్కు. మూడు వారాలు తిండి, నిద్ర, తిండి, నిద్ర. ఆ తర్వాతది ఇంకా దారుణం. నిద్రా రాదు, ఏదీ రుచించదు. మా ఆవిడ గోంగూర పచ్చడి చేసి పెడితే గడ్డి నమిలినట్టుంది. పొద్దున ఏడింటికి చెయ్యి దానంతటదే సొరుగు లాగేది. ఖాళీ సొరుగు. కౌన్సెలర్ అన్నది ఒకటే మాట: ఆ ఏడింటికి ఇంట్లో ఉండొద్దు, వెలుతురులో నడువు.

సియాటిల్ నవంబర్‌లో వెలుతురెక్కడిది? అయినా పాస్ కొన్నా.

మొదటి చోటు బ్రైడల్ ట్రెయిల్స్ స్టేట్ పార్క్. మైక్రోసాఫ్ట్ ఆఫీసు నుంచి పది నిమిషాలు. పేరుకి తగ్గట్టే గుర్రాల పార్కు. గుర్రం ఎదురైతే మనం పక్కకి తప్పుకుని నిలబడాలి, అది రూలు. దారంతా గుర్రపు లద్దె, వానకి తడిసి ముద్ద. అందం కోసం వెళ్లేవాళ్లకి నేనిది చెప్పను. పడమటి అంచున 405 హైవే హోరు వదలదు. చూసి ఫోటో తీసుకోవడానికి కొండ లేదు, జలపాతం లేదు. డగ్లస్ ఫర్ చెట్లు, సీడర్ చెట్లు, కింద మోకాలెత్తు ఫెర్న్, అంతే. మొదటిరోజు పన్నెండు నిమిషాలు నడిచి వచ్చేశా. రెండోరోజు కారు దిగనే లేదు. వాన అద్దం మీద కొడుతుంటే ఇరవై నిమిషాలు కూర్చుని ఇంటికొచ్చా.

ఏడాది పాస్ ఎందుకు కొనమంటానో ఇక్కడ ఉంది. పది డాలర్ల ఒక్కరోజు పాస్ కొని ఉంటే, పది డాలర్లకి సరిపడా తిరగాలని నా బుర్ర లెక్క కట్టేది. ఆ లెక్కే కదా నన్ను మాత్ర దాకా తెచ్చింది. ఏడాదికి కట్టేశాక కారులో కూర్చుని తిరిగొచ్చినా పోయేదేం లేదు. రెండేళ్లలో ఏమీ సాధించకుండా గడిపే అనుమతి నాకు ఇంకెక్కడా దొరకలేదు, అదీ ముప్పై డాలర్లకి.

అలాగని తెలివి వెంటనే రాలేదు. మార్చి కల్లా కాస్త ఓపిక వచ్చేసరికి టైగర్ మౌంటెన్ పట్టుకున్నా. ఇసాక్వా దాటగానే హై పాయింట్ దగ్గర ఆపుకోవాలి, ఇదే పాస్ చెల్లుతుంది, శనివారం తొమ్మిది దాటితే చోటు దొరకదు. వెస్ట్ టైగర్ 3 శిఖరం 2,522 అడుగులు. మొదటిసారి పడుతూ లేస్తూ ఎక్కా. నాలుగోసారికి ఎక్సెల్ షీట్ పెట్టా. తేదీ, నిమిషాలు, గుండె వేగం. మోకాలు వాచినా వెళ్లా. ఒక ఆదివారం టైము మూడు నిమిషాలు పెరిగిందని ఇంటికొచ్చి పాప మీద అరిచా. మా ఆవిడ గిన్నెలు తోముతూ వెనక్కి తిరక్కుండానే అంది: "మాత్ర పోయి కొండ వచ్చింది. మాకేం తేడా?"

ఆ రాత్రి షీట్ తీసేశా. కౌన్సెలర్‌కి చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు, అదొకటి నాకు కోపం తెప్పించింది. ముందే తెలిస్తే చెప్పొచ్చు కదా! మళ్లీ లద్దె పార్కుకే వచ్చా, వాచీ ఇంట్లో పెట్టి.

2024 వేసవిలో నాన్న వచ్చారు, తెనాలి నుంచి. ఆరు నెలలు. నాన్నకి మాత్రల సంగతి చెప్పలేదు. "వీడికి ఒంట్లో బాలేదంట" వరకే తెలుసు. రోజూ పొద్దున నాతో వచ్చేవారు, మంకీ క్యాప్ పెట్టుకుని జూన్ నెలలో. ఆయన నడకకి అంతూ పొంతూ ఉండదు. ప్రతి చెట్టు దగ్గరా ఆగి బెరడు గీకి వాసన చూస్తారు. ఒకరోజు దారి పక్కన ఆకు తెంపబోయి "అబ్బా!" అని చెయ్యి విదిలించారు. నెటిల్. "ఒరే, ఇది మన దూలగొండికి చుట్టమేరా!" అని వేళ్లు రుద్దుకుంటూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. చాలాకాలం తర్వాత నా అంతట నాకు వచ్చిన నవ్వు అది, ఇంటికెళ్లేదాకా దాన్నే తలుచుకున్నా.

ఆగస్టులో దారి అంచులన్నీ బ్లాక్‌బెర్రీ పొదలు. ముళ్లు బాగా గీరుతాయి. వీటి పేరు హిమాలయన్ బ్లాక్‌బెర్రీ అని చెబితే "హిమాలయాలవా?" అని నాన్న తెగ సంబరపడ్డారు. నిజానికి హిమాలయాలతో వాటికి సంబంధం లేదు, ఆర్మేనియా వైపువి. లూథర్ బర్బాంక్ అనే ఆయన ఆ పేరు పెట్టి అమ్మితే ఈ పసిఫిక్ తీరమంతా కలుపుమొక్కై కూర్చుంది. ఆ సంబరం చూసి ఈ సంగతి నేను చెప్పలేదు. పంచె కొంగులో కాకపోయినా టీషర్టు చాపి పట్టుకుని కోశారు. పుల్లగా, వెచ్చగా ఉన్నాయి. రుచి తెలిసింది. గోంగూర ఆ నెలలోనే మళ్లీ గోంగూరలా అనిపించింది.

దీనికంతా అడవే కారణమని నేననను. డాక్టర్ ఉన్నారు, గురువారాలు ఉన్నాయి, పదకొండు ఫార్మసీల కథ విని కూడా ఇంట్లో ఉండనిచ్చిన మనిషి ఉంది. ఎవరైనా ఇది చదివి మందు ఒక్కసారిగా ఆపేసి అడవికి బయల్దేరితే మాత్రం నా నెత్తిన పెట్టొద్దు. డాక్టర్‌కి చెప్పి మెల్లగా మానండి.

కొనేవాళ్లకి కొన్ని సంగతులు. ఈ పాస్ అన్నిచోట్లా చెల్లదు. మౌంట్ రెయినీర్‌కి నేషనల్ పార్క్ పాస్ కావాలి. స్నోక్వాల్మీ పాస్ (ఇక్కడ పాస్ అంటే కొండ కనుమ) చుట్టూ నేషనల్ ఫారెస్ట్ ట్రెయిల్స్‌కి నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ వేరే. మూడూ ఒకే అద్దానికి వేలాడదీసుకు తిరిగేవాళ్లు ఉన్నారు. ఒకే రాష్ట్రంలో ఇన్ని కాగితాలేంటో అర్థం కాదు, దీనికి ఒక స్టార్ కోసేశా. రాటిల్‌స్నేక్ లేక్‌కి అసలు ఏ పాసూ అక్కర్లేదు, అది సియాటిల్ నగరానిది. మనవాళ్లు చాలామంది అక్కడికే వెళ్తారు కాబట్టి, అది ఒక్కటే చాలనుకుంటే డబ్బు దండగ. కొన్ని లైబ్రరీల్లో ఈ పాస్‌ని పుస్తకంలా అరువిస్తారు, ముందు అక్కడ అడగండి. స్టేట్ పార్కులకి ఏటా కొన్ని ఉచిత రోజులూ ఉంటాయి. ట్రెయిల్ దగ్గర కారులో ల్యాప్‌టాప్ బ్యాగ్ మాత్రం వదలకండి, అద్దాలు పగలగొడతారు.

అయిదుకి నాలుగు. కిందటి నవంబర్‌లో 45 పెట్టి మూడోసారి కొన్నా, మూలుగుతూనే. రెండో గీత మీద మా ఆవిడ కారు నంబరు రాశా. ఆవిడ ఇంతవరకూ ఒక్కసారి కూడా వాడలేదు, లద్దె వాసనంట.