రంధ్రంలోకి దూరే రేకులు: థ్రెడ్ గేజుతో ఏడేళ్ళు

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల యంత్రాలకు మరమ్మతులు చేసే చిన్న లేత్ షాపు నాది. ఒకవైపు మెట్రిక్, మరోవైపు అంగుళాల రేకులు ఉన్న 52 రేకుల థ్రెడ్ గేజు ఏడేళ్ళుగా నా పనిబల్ల మీద ఉంది. ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరాన్ని, అంటే పిచ్‌ను, పోల్చి చూసే పరికరం ఇది: ఏ రేకు పళ్ళు మరల్లో సరిగ్గా కూర్చుంటే ఆ రేకు మీద ఉన్న అంకే ఆ మర పిచ్. మిగతా వివరాలు ఈ పనిలో ఉన్నవారందరికీ తెలిసినవే కనుక వాటిని వదిలేస్తున్నాను. నేను రాయదలచుకున్నది ఆ రేకుల కొనల గురించే. అవి నట్టులోకి, రంధ్రంలోకి దూరేంత సన్నగా ఉంటాయి. బోల్టు విరిగో, ఎక్కడో పడిపోయో, చివరికి రంధ్రం ఒక్కటే మిగిలినప్పుడు, లోపల ఏ మర ఉందో చెప్పగలిగిన పరికరం నా దగ్గర ఇదొక్కటే.

మా దగ్గరికి వచ్చేవారు బోల్టును స్పానర్ నంబరుతో చెబుతారు. "13 బోల్టు" అంటే సాధారణంగా ఎం8 (8 మి.మీ. వ్యాసం ఉన్న మెట్రిక్ బోల్టు) అనుకుంటాం, కానీ జపాన్ పద్ధతిలో చేసిన యంత్రాల్లో ఎం8 తలకు 12 స్పానర్ పడుతుంది. పైగా ఒకే మిల్లులో పాత బ్రిటిష్ అంగుళాల పద్ధతి విట్‌వర్త్ మరలు, పైపు మరలు, మెట్రిక్ మరలు పక్కపక్కనే ఉంటాయి. ఇలాంటి చోట పిచ్ తేలిందంటే మిగతా పని సులువే: మెట్రిక్‌లో వ్యాసం నుంచి పిచ్ తీసేస్తే డ్రిల్ బిట్టు కొలత వచ్చేస్తుంది. 1.25 పిచ్ ఉన్న ఎం8కు 6.8, 1.5 ఉన్న ఎం10కు 8.5, 1.75 ఉన్న ఎం12కు 10.2 మి.మీ. బిట్టు వేసి ట్యాప్ (రంధ్రం లోపల మరలు కోసే పనిముట్టు) కొడతాం. అందుకే మొదటి నాలుగేళ్ళు ఈ గేజును అడిగినవారికీ అడగనివారికీ మెచ్చుకుని చెప్పాను, ఇద్దరు మిత్రుల చేత కొనిపించాను కూడా.

ఆ తర్వాత ఒక మిల్లు నుంచి ధాన్యాన్ని పైకి ఎత్తే ఎలివేటర్ తలకు ఉండే పెద్ద పోత ఇనుము బేరింగ్ బ్లాకు వచ్చింది. గ్రీజు ఎక్కించే నిపుల్ విరిగి పోయింది, రంధ్రం మిగిలింది. రంధ్రం లోపలి కొలత వెర్నియర్‌లో 8.8 మి.మీ. వచ్చింది. చిన్న రంధ్రాల్లో వెర్నియర్ దవడలు అసలు కొలత కన్నా కాస్త తక్కువ చూపుతాయి కనుక నిజానికి అది 9 దగ్గర ఉంటుందని లెక్కవేశాను. ఎం10 × 1 (10 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. పిచ్) అయితే సరిగ్గా ఆ కొలతే రావాలి. 1.0 రేకును లోపలికి పెట్టి గోడకు ఆనించాను. మూడు నాలుగు పళ్ళు మరల్లో కూర్చున్నట్టే చేతికి తెలిసింది. మరలను శుభ్రం చేద్దామని ఎం10 × 1 ట్యాప్ తిప్పాను. రెండు చుట్లు తిరిగి బిగుసుకుంది. అక్కడ ఆగవలసింది, గ్రీజు గట్టిపడి ఉంటుందనుకుని ముందుకు తిప్పాను. పాత మరలు పొడిపొడిగా రాలి వచ్చాయి. కొత్త నిపుల్ బిగించి పంపిన రెండో రోజే మిల్లు ఆపరేటర్ ఫోన్ చేసి, "మేస్త్రీ, గ్రీజు లోపలికి పోతలేదు, పక్కకే కారుతున్నది" అన్నాడు.

ఆ రంధ్రంలో ఉన్నది 1/8 బి.ఎస్.పి. (బ్రిటిష్ ప్రమాణం) పైపు మర. పేరులో 1/8 అంగుళం అని ఉన్నా దాని వెలుపలి వ్యాసం 9.73 మి.మీ. అంగుళానికి 28 మరలు, అంటే పిచ్ 0.907 మి.మీ. ఎం10 × 1కూ దానికీ పిచ్‌లో తేడా మి.మీ.లో పదో వంతు కూడా లేదు. మూడు మరల దూరంలో ఆ తేడా 0.28 మి.మీ. మాత్రమే అవుతుంది. బోల్టు మీదైతే గేజును వెలుతురుకు ఎదురుగా పట్టినప్పుడు ఆ సందు స్పష్టంగా కనిపించేది. రంధ్రంలోకి వెలుతురు పోదు, కన్ను పోదు, పైగా అక్కడ పాత గ్రీజు నిండి ఉంది. ఏ గుణాన్ని చూసి నేను ఈ గేజును అంతగా మెచ్చుకున్నానో, సరిగ్గా అక్కడే నాకు స్పర్శ తప్ప మరో ఆధారం లేకపోయింది. చివరికి ఆ రంధ్రాన్ని 11.8 మి.మీ. బిట్టుతో పెద్దది చేసి, 1/4 బి.ఎస్.పి. ట్యాప్ కొట్టి, దానిలో 1/8కి దించే, లోపలా బయటా మరలున్న బుష్ బిగించి నిలబెట్టాను. బ్లాకుకు అక్కడ మందం ఉండబట్టి సరిపోయింది.

ఇప్పుడు లోపలి మరల విషయంలో రేకు చెప్పిందాన్ని మొదటి అంచనాగానే తీసుకుంటున్నాను. రంధ్రాన్ని కిరోసిన్‌తో కడిగి, మెత్తని చెక్కపుల్లను లోపలి గోడకు గట్టిగా అదిమి తీస్తాను. పుల్ల మీద పడిన గాట్లను వెలుతురులో రేకుతో పోల్చి చూస్తాను. ఆ తర్వాత కొలత తెలిసిన, మరలున్న ప్లగ్గును వేళ్ళతోనే తిప్పుతాను. అది అడుగు దాకా ఊగకుండా, బిగుసుకోకుండా దిగితేనే ట్యాప్ చేతిలోకి తీసుకుంటాను.

ఇంకో లోటు కూడా చెప్పాలి. నా గేజులో అంగుళాల రేకులన్నీ పంటి కోణం 55 డిగ్రీలుండే విట్‌వర్త్‌వి. అమెరికా పద్ధతి యు.ఎన్.సి. మరలు 60 డిగ్రీలవి. పావు అంగుళం బోల్టుకు రెండు పద్ధతుల్లోనూ అంగుళానికి 20 మరలే కనుక పెద్ద చిక్కు రాదు. అర అంగుళానికి వచ్చేసరికి విట్‌వర్త్‌లో 12, యు.ఎన్.సి.లో 13 ఉంటాయి, అక్కడ పొరపడితే రంధ్రం పోయినట్టే.

నాలాగా నాలుగు రకాల పాత యంత్రాల మధ్య పనిచేసేవారికి ఈ గేజు అవసరమనే ఇప్పటికీ అంటాను. ఎప్పుడూ మోటార్ సైకిళ్ళే విప్పేవారికి మెట్రిక్ రేకులు చాలు, మిగతా సగం డబ్బాలోనే ఉండిపోతుంది. నేను కొనిపించిన ఇద్దరికీ ఆ బేరింగ్ బ్లాకు సంగతి ఫోన్‌లో చెప్పాను. ఎం10 × 1 ప్లగ్గు ఒకటి, 1/8 బి.ఎస్.పి. ప్లగ్గు ఒకటి లేత్ మీద చేసుకుని, గేజు ఉండే డబ్బాలోనే వేసుకున్నాను.